పెయింటు గీకించకముందు బానెట్ మీద చెంబు నీళ్లు పోసి చూడు

తాడిపత్రి తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. వాళ్ల జేజినాయన కొన్న 1988 మోడల్ మహీంద్రా జీపు పికప్ ఒకటుంది. ఎర్ర రంగు. ఆయన పోయినప్పటి నుంచి పదేళ్లుగా కల్లం పక్కన ఆరుబయటే నిలబడి ఉంది. ఎరుపు వెలిసి గులాబీకి తిరిగింది, చెయ్యి పెడితే పొడి అంటుతోంది. షెడ్డులో చూపిస్తే "పాతదంతా గీకేసి, లప్పం పెట్టి, కొత్తగా కొట్టాలి, 60 వేలవుతుంది" అన్నారు. గీకించకుండా ఆ పాత పెయింటునే మళ్లీ మెరిపించే దారి ఉందా, దసరా ఆయుధపూజకు బండి సిద్ధమవుతుందా అని అడుగుతున్నాడు.

దారి ఉంది తమ్ముడూ. పొడి రాలుతోందంటే చాలామంది పెయింటు చచ్చిపోయిందనుకుంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ధైర్యం వస్తుంది. పొరలు పొరలుగా ఊడుతోందని రాసి ఉంటే నేనూ షెడ్డువాళ్ల మాటే చెప్పేవాణ్ణి. ఆ తేడా ఏమిటో చెబుతాను. దానికంటే ముందు నువ్వొక పని చెయ్యి. రేపు పొద్దున్నే, ఎండ ముదరకముందు, బానెట్ మీద ఒక చెంబు నీళ్లు పొయ్యి.

మీ ఊరివాడికి ఇది చెప్పడం తేలిక. బండల పాలిష్ ఫ్యాక్టరీ ముందు నిలబెట్టిన నల్లబండ ఎలా ఉంటుంది? దుమ్ముకొట్టుకుని బూడిదరంగులో ఉంటుంది. నీళ్లు చల్లగానే నల్లగా నిగనిగలాడుతుంది. నీళ్లేమీ బండకు రంగు వెయ్యలేదు. గరుకుగా ఉన్న పైభాగంలో సందులు నిండాయి, వెలుతురు నానా దిక్కులకూ చెదరడం ఆగింది, లోపలున్న రంగు బయటికి కనబడింది. నీ బానెట్ కూడా అంతే. తడిసినప్పుడు ఏ ఎరుపు కనిపిస్తుందో, సుమారుగా ఆ ఎరుపే చివరికి నీకు దక్కేది. తడి ఆరకముందే ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకో. పని మధ్యలో నీరసం వచ్చినప్పుడు పనికొస్తాయి. తడిపినా తెల్లగానే ఉండిపోయిన చోట్లు, తడిపితే బూడిదరంగో ఇటుకరంగో బయటపడిన చోట్లు విడిగా గుర్తుపెట్టుకో. బూడిదరంగు, ఇటుకరంగు అంటే అక్కడ పైరంగు అయిపోయి దాని కింద వేసే మొదటి పూత, అదే ప్రైమర్, తేలింది. లేని పెయింటును ఏ పాలిషూ తెచ్చిపెట్టలేదు.

నేను 1996లో అనంతపురంలో మా మామ టింకరింగ్ షెడ్డులో వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పుకాగితం) పట్టుకుని ఈ పనిలోకి వచ్చాను. మొదటి రెండేళ్లూ నాకు తెలిసింది గీకడం ఒక్కటే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పాత జీపులు, అంబాసిడర్లు, పద్మినీల్లో సగానికి పైగా కొత్త పెయింటు లేకుండానే వెనక్కి పంపుతున్నాను. దాంట్లో నాకు వచ్చే డబ్బు తక్కువే. కానీ కంపెనీలో పడిన పెయింటు ఏ బండికైనా ఒక్కసారే ఉంటుంది. గీకేశాక అది మళ్లీ రాదు.

పొడి సంగతి. పెయింటులో రంగుపొడి ఒకటి, దాన్ని పట్టి ఉంచే రెసిన్ ఒకటి. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు ముందు తినేది రెసిన్‌నే. పట్టు పోయాక రంగుపొడి పైన వదులుగా మిగిలిపోతుంది. సున్నం కొట్టిన గోడకు వీపు ఆనిస్తే చొక్కాకు అంటుతుందే, అలాగ. ఎరుపుల్లో ఇది మరీ తొందరగా బయటపడుతుంది. మంచి విషయం ఏమిటంటే ఈ తినడం పైనుంచి కిందికి చాలా నిదానంగా సాగుతుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పొడిబారిన పొర సాధారణంగా అందులో చిన్న వంతే. దాని కింద రంగు ఇంకా గట్టిగానే ఉంటుంది.

అయితే ఇది రంగే పైపొరగా ఉన్న పెయింటుకు మాత్రమే చెల్లుతుంది. దాన్ని సింగిల్ స్టేజ్ అంటాం. ఇప్పటి కార్లకు రంగు మీద రంగులేని క్లియర్ కోటు వేరే ఉంటుంది. అది పాడైతే పొడి రాలదు, తెల్లగా మచ్చలు కట్టి పాము కుబుసంలా లేస్తుంది. ఆ లేచినదాన్ని ఎంత రుద్దినా అతకదు. నీ చేతికి ఎర్రపొడి అంటుతోందంటే నీది సింగిల్ స్టేజే. ఇంకా అనుమానముంటే తెల్ల బనియన్ గుడ్డకు కాస్త పాలిష్ అద్ది ఒక మూల రుద్దు. గుడ్డ ఎర్రబడితే పైన క్లియర్ లేదు. మురికి మాత్రమే వస్తే ఉంది.

రెండో పరీక్ష కూడా చెయ్యి, చాలామంది దీన్ని వదిలేస్తారు. 1988 నుంచి ఇప్పటిదాకా ఆ బండికి ఒక్కసారీ టచింగ్ పడలేదంటే నేను నమ్మను. మడ్గార్డుకి రాయి తగిలి ఉంటుంది, చీనీకాయల లోడు ఎక్కించేటప్పుడు ఎవరో ట్రాక్టర్ ఆనించి ఉంటారు. అప్పుడు షెడ్డులో కొట్టింది ఎక్కువగా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు, అదే మనవాళ్లు డ్యూకో అనేది. దూదిని థిన్నర్‌లో ముంచి, బయటికి కనబడని చోట పది సెకన్లు రుద్దు. ముందు తలుపు కీలు దగ్గర, తర్వాత మడ్గార్డు లోపలి అంచున, ఆ తర్వాత తొట్టి పక్కన. రంగు జిగురుగా కరిగి దూదికి వచ్చేస్తే అది ఎన్.సి. గట్టిగా నిలిస్తే కంపెనీ ఎనామిలో, తర్వాత వేసిన పీయూ (పాలీయురేథేన్) పెయింటో. ఎన్.సి. ఉన్న భాగాల మీద పాలిష్ మిషన్ పెట్టకు. వేడెక్కితే మెత్తబడి ప్యాడ్‌కి చుట్టుకుంటుంది. వాటికి చేతిపనే.

ఇప్పుడు నీకు నలుగురూ నాలుగు చిట్కాలు చెబుతారు. వాటిలో మూడింటిని నేను స్వయంగా చేసి చెడిపోయాను.

మొదటిది డీజిల్ తుడుపు. లారీ డ్రైవర్లు కాటన్ వేస్టుకి డీజిల్ అద్ది క్యాబిన్ మొత్తం తుడిచేస్తారు, బండి పెళ్లికొడుకులా మెరుస్తుంది. పైన చెంబు నీళ్లు చేసిన పనే ఇది, కాకపోతే ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. తర్వాత మీ ఊరి బండల దుమ్మంతా ఆ నూనెకు అంటుకుని, తుడిచిన ప్రతిసారీ ఉప్పుకాగితంలా గీస్తుంది. కొబ్బరినూనె కూడా ఇదే కథ.

రెండోది అవిసె నూనె, అదీ కాచినది. వీడియోల్లో పాత ట్రక్కులకు పూసి చూపిస్తుంటారు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, నేను కాదనను. కానీ మన దగ్గర అది పూర్తిగా ఆరేలోపే దుమ్ము పట్టేస్తుంది, తర్వాత పసుపు తిరుగుతుంది, తీద్దామంటే రాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఆ నూనె తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఇది బెదిరింపు మాట కాదు, ఎండుతున్న అవిసె నూనె గుణమే అది. ఎప్పుడైనా వాడాల్సి వస్తే గుడ్డల్ని నీళ్లలో ముంచెయ్యి, లేదా ఆరుబయట విడివిడిగా ఆరెయ్యి.

మూడోది పాత పెయింటు మీద లాకర్, అంటే రంగులేని క్లియర్, కొట్టించడం. షెడ్డులో "గీకడమెందుకన్నా, కడిగి పైన క్లియర్ కొట్టిస్తే అద్దంలా ఉంటుంది" అంటారు. 2007లో నా సొంత అంబాసిడర్‌కి ఇదే చేయించాను, పక్క ఊరి షెడ్డులో, నా షెడ్డు పని ఒత్తిడిలో ఉందని. నిజంగానే అద్దంలా వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో పైకప్పు మీద ఒక రూపాయి బిళ్లంత బుడగ లేచింది. జూన్‌కి గోటితో లాగితే అరచేయంత పొర ఊడొచ్చింది, దాని వెనకవైపు ఎర్రపొడి అంటుకుని ఉంది. పొడి మీద వేసిన పొర పొడినే పట్టుకుంటుంది, ఇనుమును కాదు. అప్పుడు తప్పక మొత్తం గీకాల్సి వచ్చింది. ఇవాళ్టికీ ఆ కారు చూస్తే నాకు కడుపు మండుతుంది.

నాలుగోది డ్యాష్‌బోర్డు పాలిష్ బయట పూయడం. అందులో సిలికాన్ ఉంటుంది. ఎప్పుడైనా టచింగ్ వేయించాలంటే పెయింటు చేపకళ్లలా గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఇది నేను చెయ్యలేదు, చేసుకొచ్చినవాళ్ల బళ్లు బాగుచెయ్యలేక తిట్టుకున్నాను.

సరే, పనిలోకి వద్దాం. బండిని నీడలోకి తెచ్చుకో. వేపచెట్టు నీడ వద్దు, జిగురు, పిట్టల రెట్టలు రెండూ పడతాయి. రేకుల షెడ్డు ఉంటే చాలు. బండి రేకు మీద చెయ్యి ఆనించి హాయిగా ఉంచగలిగినప్పుడే పని చెయ్యాలి. మనకు అది పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత. వేడి రేకు మీద కాంపౌండ్ (పెయింటును సన్నగా గీసే రుద్దుడు ముద్ద) నిమిషంలో ఎండి గట్టిపడుతుంది, దాన్ని రుద్ది రుద్ది కొత్త గీతలు పెడతావు. ఆషాఢం గాలులు ఉన్న రోజుల్లో అసలు మొదలుపెట్టకు. మన జిల్లాల్లో గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ గాలికి వచ్చే దుమ్ము ప్యాడ్‌లో చేరితే అంతే.

కడగడం దగ్గరే చాలా బళ్లు చెడతాయి. ముందు పొడి గుడ్డతో తుడవొద్దు, పైపుతో నీళ్లు కొట్టి దుమ్ము జారనివ్వు. తర్వాత కారు షాంపూ, రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ కడుక్కోవడానికి మంచినీళ్లు. బట్టల సర్ఫ్ వాడకు. ఇక నీళ్ల సంగతి. మన బోరు నీళ్లలో ఉప్పులు జాస్తి, ఆరితే తెల్ల మచ్చలు కడతాయి. ఇంట్లో ఆర్.ఓ. మిషన్ వదిలే నీళ్లను బకెట్‌లో పట్టి బండి కడగడం చాలా ఇళ్లల్లో చూస్తాను. పొదుపు మంచిదే, కానీ మిషన్ మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పులన్నీ ఆ వదిలేసిన నీళ్లలోనే ఉంటాయి, బోరు నీళ్లకంటే చిక్కగా. వాటిని చెట్లకు కూడా ఆలోచించి పోయాలి, బండికి మాత్రం వద్దు. ఆఖరి కడుగు వాననీళ్లతోనో క్యాన్ నీళ్లతోనో చేసి, ఆరనివ్వకుండా వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తుడుచుకో. పాత తెల్ల మచ్చలుంటే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో నిమిషంపాటు పరిచి, వెంటనే బాగా కడిగెయ్యి.

కడిగాక మొత్తం బండి మీద పడొద్దు. డ్రైవర్ వైపు తలుపు మీద, పిడి కింద, జానెడు పొడవు జానెడు వెడల్పు గల చోటు ఎంచుకో. చుట్టూ మాస్కింగ్ టేప్ అతికించు. ఈ జానెడు చోటే నీ బండి మొత్తానికీ జాతకం చెబుతుంది.

దాని మీద ముందు కాంపౌండ్ పెట్టకు. ఎండిన పెయింటుకు ముందు నూనె తాగించాలి. మెగ్వియర్స్ కంపెనీ ఏడో నంబరు గ్లేజ్ అని ఒకటి దొరుకుతుంది, పాత సింగిల్ స్టేజ్ పెయింట్లు చేసేవాళ్లంతా దాని పేరే చెబుతారు. దాంట్లో గీసే గుణం లేదు, నూనెలే ఎక్కువ. మెత్తని కాటన్ గుడ్డకు ధారాళంగా తీసుకుని, ఆ జానెడు చోట గట్టిగా రుద్ది, పైన మందంగా ఇంకో పూత వేసి రాత్రంతా వదిలెయ్యి. మొదట రుద్దేటప్పుడే గుడ్డ రక్తంలో ముంచినట్టు అవుతుంది, టెన్షన్ పడకు, పోతున్నది ఎలాగూ చచ్చిన పొడే. తెల్లారి చూస్తే ఆ చతురం చుట్టుపక్కల కంటే ఒక ఛాయ ముదిరి ఉంటుంది. కొన్ని చోట్ల గ్లేజ్ మొత్తం లోపలికి పోయి పైన పొడిగా కనబడుతుంది. అంటే ఇంకా దాహంగా ఉంది, మళ్లీ పెట్టు. నేను ఒక నీలం జీపుకి ఇలా నాలుగు రాత్రులు పెట్టాను, నాలుగో రోజుగానీ తాగడం మానలేదు.

చాలా బళ్లకు ఈ నూనె పనీ, చేత్తో నడిపే సన్న పాలిషూ చాలు. అందుకే అన్నిటికంటే మెత్తని దారి నుంచి మొదలుపెట్టమంటాను. మీ ఫ్యాక్టరీల్లో బండను ముతకరాయితో మొదలుపెట్టి సన్నరాయికి వస్తారు, ఎందుకంటే బండ మందం అంగుళాల్లో ఉంటుంది. నీ పెయింటు మందం మైక్రాన్లలో. ఇక్కడ తిరగేసి నడవాలి. సన్నదానితో మొదలుపెట్టు, పని జరగకపోతేనే ఒక మెట్టు ముతకకు వెళ్లు, వెళ్లినవాడివి మళ్లీ సన్నదానికి తిరిగి రా.

గ్లేజ్ తుడిచేశాక అదే జానెడు చోట సన్న పాలిష్ చేత్తో వేసి చూడు. నిన్న తీసిన తడి ఫొటోకు దగ్గరగా వచ్చిందా? వస్తే ఇంకేమీ వద్దు, బండంతా ఇంతే. రాకపోతే రబ్బింగ్ కాంపౌండ్, అదీ ముందు చేత్తోనే. 2000 నంబరు వాటర్ పేపర్ ఆఖరి మాట. తారు మరకలా గట్టిపడిన చోట, నారింజ తొక్కలా గరుకుగా ఉన్న చోట తప్ప తీయకు. తీస్తే పావుగంట నీళ్లలో నానబెట్టి, రబ్బరు దిమ్మకు చుట్టి, షాంపూ నీళ్లు కారుస్తూ నాలుగు సార్లు ఆడించి ఆపి చూడు. వేళ్లతో నేరుగా పట్టి రుద్దితే వేళ్ల గుంటలు పెయింటులో పడతాయి.

పొడిగా మాత్రం ఎప్పుడూ గీకకు. పాత ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో సీసం ఉన్నవి చాలా వాడేవారు. ఆ దుమ్ము ఊపిరిలోకి పోకూడదు, చేతులు కడక్కుండా తిండి ముట్టకూడదు, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. తడిగా చెయ్యి, మాస్కు కట్టుకో, ఎర్రబడిన గుడ్డల్ని ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

మిషన్ గురించి జాగ్రత్తగా చదువు. షెడ్లలో నాలుగంగుళాల గ్రైండర్‌కే ఊలు ప్యాడ్ బిగించి బఫింగ్ చేసేస్తారు. ఆ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు దాకా తిరుగుతుంది. పాలిష్ మిషన్ తిరగాల్సింది 1,200 నుంచి 1,800 లోపు. ఆరు నుంచి తొమ్మిదింతల వేగమంటే అంత ఎక్కువ మెరుపు కాదు, అంత ఎక్కువ వేడి. 1998లో మా మామ ఊళ్లో లేనప్పుడు ఒక డాక్టరుగారి జీపు మడ్గార్డు మీద నేను గ్రైండర్ ఎక్కించాను. అంచు దగ్గర కాసేపు ఎక్కువ నిలిపాను. పుట్టినరోజు కొవ్వొత్తి కాలిన వాసన వచ్చింది. ఎత్తి చూస్తే వేలెడు పొడుగున పెయింటు పోయి ఇనుము తెల్లగా నవ్వుతోంది. మామ వచ్చాక ఏమన్నాడో ఇక్కడ రాయలేను. అంచుల మీద, మడతల మీద పెయింటు ఎప్పుడూ పలచగానే ఉంటుంది, మిషన్ ఒత్తిడి అంతా అక్కడే పడుతుంది. అందుకే అంచులన్నిటికీ టేప్ వేసి, ఆ టేప్ కింద భాగాన్ని చివర్లో చేత్తో చెయ్యాలి.

నీకు ఇది మొదటిసారి కాబట్టి అద్దెకైనా, అప్పుకైనా డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిష్ మిషన్ తెచ్చుకో. అది తిరుగుతూ ఊగుతుంది, ఒకచోట వేడి పుట్టదు, ఆలస్యమైనా ప్రమాదం తక్కువ. ఊలు ప్యాడ్ వద్దు, స్పాంజ్ ప్యాడ్ చాలు. శనగగింజంత కాంపౌండ్ బొట్లు నాలుగు, చదరపు అడుగున్నర చోటు, నిదానంగా అడ్డం ఒకసారి నిలువు ఒకసారి. మధ్యమధ్యలో అరచెయ్యి ఆనించి వేడి చూడు. ప్యాడ్ రెండు మూడు నిమిషాల్లో ఎర్రపొడితో మూసుకుపోతుంది, పాత టూత్‌బ్రష్‌తో దులుపు, లేకపోతే వేరే ప్యాడ్ మార్చు. ఇక్కడ బద్ధకిస్తే పోయిన పొడినే మళ్లీ బండికి పూస్తావు. ప్యాడ్లు కనీసం ఐదారు ఉంచుకో. రుద్దేటప్పుడు ఎరుపు మధ్యలో ఇంకో రంగు నీడ కనబడిందంటే అక్కడితో ఆపు. ఇంకొక్కసారి అన్న ఆశే పెయింటును తినేస్తుంది.

పైకప్పు విషయంలో ఆశలు తక్కువ పెట్టుకో. ఎండంతా దాని మీదే. నువ్వు నీళ్లు పోసినప్పుడు పైకప్పు మధ్యలో ప్రైమర్ తేలి ఉంటే దాన్ని ఒక్కదాన్నీ అదే రంగు కలిపించి కొట్టించు, మిగతా బండిని ముట్టుకోనివ్వకు. రంగు కలపడానికి షెడ్డుకు చూపించాల్సింది వెలిసిన తలుపు కాదు, పాలిష్ అయిన తలుపు. కాబట్టి పైకప్పు పని ఆఖర్లో.

తుప్పు మరీ వేరే సంగతి. పెయింటు కింద బుడగలు లేచిన చోట పాలిష్ వృథా. ఆ చోటు వరకూ గీకి, తుప్పు పోయేదాకా రుద్ది, ప్రైమర్ వేసి, టచింగ్. జీపుల్లో క్యాబిన్ నేల, మడ్గార్డు లోపలి అంచు, తొట్టి మూలలు ముందు చూడు. తొట్టిలో ఎప్పుడైనా ఎరువు మూటలు చిరిగి ఉంటే ఆ మూలల్లో తుప్పు తప్పదు, యూరియా, పొటాష్ తేమను పట్టి ఉంచి ఇనుమును కొరుకుతాయి. తొట్టి లోపలికి పాలిష్ ఆలోచన మానుకో. వైర్ బ్రష్ కొట్టి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, దాని మీద ఎనామిల్ రెండు చేతులు. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి వదిలేస్తే నీళ్లు పీలుస్తుంది, పైన పెయింటు ఉంటేనే అది కాపాడేది.

అన్నీ అయ్యాక వాక్స్. కార్నబా వాక్స్ పలచగా, ఒక్కో భాగానికి. పలచగా అంటే వేసినట్టు కనబడీ కనబడనట్టు. మందంగా వేస్తే తుడవలేక చేతులు పడిపోతాయి, మెరుపు మాత్రం పెరగదు. మన ఎండకు రెండు మూడు నెలలకోసారి మళ్లీ వెయ్యాలి. సిరామిక్ కోటింగ్ వేయించమని ఎవరో ఒకరు అంటారు. దానికి నూనె చుక్క లేని పైభాగం కావాలి, మనం రాత్రంతా తాగించిందే నూనె. నా లెక్కలో ఈ బండికి అది పొసగదు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పడం కూడా వద్దు, లోపల ఆవిరి పడుతుంది, గాలికి దాని కొస కొట్టుకుని రంగు మీద గీతలు పడతాయి.

ఖర్చంటావా, గ్లేజ్, సన్న పాలిష్, కాంపౌండ్, వాక్స్, ప్యాడ్లు, గుడ్డలు కలిపి నాకు ఇలాంటి బండికి 4, 5 వేలలో అయిపోతుంది, మిషన్ వేరే. అసలు ఖర్చు నీ పొద్దులు, సాయంత్రాలే. ఉద్యోగం చేసుకుంటూ చేస్తే మూడు నాలుగు వారాలు పెట్టుకో. దసరా ముందు నెలే మనకు వానలు పడేది, షెడ్డు ఉంటే అడ్డు కాదు. దసరాకు బండి అయిపోతుంది, పైకప్పు మాత్రం దీపావళికి పోనీ.

ఆయుధపూజ అంటే గుర్తొచ్చింది. పూజ చెయ్యి, ఎవరు వద్దన్నారు. కానీ గంధం, కుంకుమ బొట్లు బానెట్ మీద కాకుండా బంపర్ మీదో, నంబర్ ప్లేటు పక్కనో పెట్టు. పసుపు మరక పాలిష్ అయిన పెయింటుకు కూడా ఒకపట్టాన వదలదు. నిమ్మకాయ రసం చిమ్మిన చోట వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యి, ఎండలో పులుపు ఆరితే ముద్ర పడుతుంది. మా మామ ఇంటి బండికి బొట్లన్నీ అద్దం మీద పెట్టించేవాడు, అత్త ఎంత గొణిగినా.

ఆర్టీఓ గురించి ఒక మాట. పాలిష్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేరే రంగు వేయిస్తే మాత్రం ఆర్‌సీలో రంగు మార్పించుకోవాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని కూడా ఎవరైనా చెప్పి ఉంటారు. 2021లో వచ్చిన ఆ కేంద్ర నిబంధన మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడుకునే, అసలు రూపంలో ఉన్న బళ్లకే. నీది ఆ లెక్కకు రావాలంటే 2038 దాకా ఆగాలి. అప్పటిదాకా కంపెనీ పెయింటు ఒంటి మీద ఉండటం ఎలాగూ మేలే.

ఇంకొక్కటి. నువ్వు పంపిన ఫొటోలో వెనక డోరు మీద పసుపు అక్షరాలతో "కసాపురం ఆంజనేయస్వామి ప్రసన్న" అని చేతిరాత ఉంది. దాని దగ్గరికి మిషన్‌ని గానీ కాంపౌండ్‌ని గానీ రానివ్వకు. అది ఆర్టిస్టు కుంచెతో రంగు మీద రాసిన ఎనామిల్, కంపెనీ పెయింటు కంటే పలచన. రెండు రుద్దుళ్లకే తుడిచిపెట్టుకుపోతుంది. టేప్ కూడా అతికించకు, తీసేటప్పుడు అక్షరాన్ని వెంట తీసుకుపోతుంది. చుట్టూ చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని చేత్తోనే పాలిష్ చెయ్యి, అక్షరానికి వేలెడు దూరంలో ఆగు. "ప్రసన్న"లో "ప్ర" క్రావడి ఊడిపోయినట్టుంది కదా, ఆ ఊడిన చోటికి కళ్లు దగ్గరపెట్టి చూడు. ఇన్నేళ్లూ ఎండ తగలని ఎరుపు అక్కడ గీతలా కనబడాలి. పైకప్పుకు రంగు కలిపించేటప్పుడు షెడ్డువాణ్ణి ఇంటికి పిలిపించి ఆ గీతను కూడా చూపించు. ఆ రాత మీద మటుకు మెత్తని గుడ్డతో కాస్త వాక్స్ అద్దు, అంతే.